కొప్పులో చామంతి, పావడాపై దానిమ్మ: చైనా తరహా పాత్రకు పూలు ఎంచుకోవడం ఎలా

కొన్నేళ్ల కిందట ఒక కామిక్ కోసం చైనా తరహా అమ్మాయిని గీశాను. తెల్లటి పొడవాటి దుస్తులు, కణత పక్కన ఒకే ఒక తెల్ల చామంతి, వెనకాల దీపాల పండుగ, మొహం నిండా నవ్వు. నాకైతే తెగ నచ్చింది. చైనీస్ చదవడం వచ్చిన స్నేహితురాలికి చూపిస్తే కాసేపు చూసి, "పాపం, ఎవరు పోయారు?" అంది. అక్కడ తెలుపు చావు రంగు. ఇంట్లో ఎవరైనా పోతే ఆడవాళ్లు తలలో తెల్ల పువ్వు పెట్టుకునే ఆచారం ఉంది. తెల్ల చామంతులు, పసుపు చామంతులు ఈ రోజుల్లో అంత్యక్రియలకు పట్టుకెళ్లే పూలు. నేనేమో మన గుమ్మాలకు దండలు కట్టే పువ్వే కదా అని పెట్టేశాను. తండ్రి పోయిన పిల్లను పండుగలో నిలబెట్టి నవ్వించానన్నమాట.

అప్పటి నుంచి బొమ్మ అంతా అయ్యాక పువ్వు అతికించడం మానేశాను. ముందు పువ్వు తేల్చుకుని, దాని చుట్టూ మనిషిని గీస్తున్నాను. ఆ పద్ధతినే ఇక్కడ ఒకే పాత్ర మీద మొదటి నుంచి చేసి చూపిస్తాను. కామిక్ అయినా, గేమ్ అయినా, నవల అట్టబొమ్మ అయినా, పాత్రలా వేషం కట్టే కాస్‌ప్లే అయినా పని ఇదే.

1. ముందు కాలం, ఊరు, నెల

"చైనా తరహా" అని ఒక డ్రెస్సు లేదు. ఎవరో విదేశీయుడు మన చీర మీద షేర్వాణీ తొడిగి, తలపాగా పెట్టి "ఇండియన్" అంటే మనకెలా ఉంటుందో, తాంగ్ రాజవంశపు కొప్పు మీద చాలా తర్వాతి చింగ్ రాజవంశపు కిరీటం పెట్టి కింద చిపావ్ అనే బిగుతు గౌను తొడిగితే వాళ్లకూ అలాగే ఉంటుంది. కథ ఊహాలోకంలో జరిగినా సరే, అస్థిపంజరానికి ఒకే రాజవంశాన్ని పట్టుకోండి. కల్పన దాని మీద చేసుకోవచ్చు.

తాంగ్ కాలం (618–907) కావాలంటే పావడాను ఛాతీ పైకి కట్టాలి, కొప్పు నిలువుగా లేవాలి, దాని నెత్తిన పియోనీ అనే పొరలు పొరల పెద్ద పువ్వు, అరచేయంతది, ఒక్కటి కూర్చోవాలి. షెన్‌యాంగ్‌లోని ల్యావ్‌నింగ్ ప్రాదేశిక మ్యూజియంలో తాంగ్ చిత్రకారుడు జౌ ఫాంగ్ గీశాడని చెప్పే పట్టుచిత్రం ఒకటి ఉంది. తలలో పూలు పెట్టుకున్న దొరసానులు, చిన్న కుక్కలు, ఒక కొంగ. తాంగ్ కొప్పు గీసే ముందు దాన్ని ఓ గంట చూడండి, చాలు. మింగ్ కాలానిది (1368–1644) అయితే ముందూ వెనకా చదునైన పలకలు, పక్కల కుచ్చిళ్లు ఉండే మామ్యెన్ పావడా. చిపావ్ మాత్రం పాతకాలపు దుస్తు కాదు, 1920ల షాంఘైలో రూపం దిద్దుకున్న సిటీ ఫ్యాషన్. దాంతో పెద్ద కొప్పూ వేలాడే పిన్నులూ పెడితే అతకవు.

నేను సోంగ్ కాలం (960–1279) ఎంచుకుంటున్నాను. కారణం సొంత ఇష్టమే: ఆ కాలపు బట్టలు సన్నగా, నిటారుగా, గోల లేకుండా ఉంటాయి. పువ్వు కళ్లబడుతుంది. మన పాత్ర: రాజధాని కైఫెంగ్‌లో మందుల కొట్టు నడిపే ఇంటి పిల్ల. పదిహేడేళ్లు. ఒక అధికారి ఇంటికి సంబంధం ఖాయమైంది. ఆమెను ఎవరూ అడగలేదు. ఏడాది 1125, చాంద్రమానం తొమ్మిదో నెల. పేరు తర్వాత పెట్టుకుందాం, ఇప్పటికి "కొట్టు పిల్ల" అందాం.

నెల కూడా రాసుకోమన్నది ఎందుకో వెంటనే తెలుస్తుంది.

2. పువ్వుకు మూడు దార్లు: ఋతువు, శబ్దం, కథ

నెట్‌లో "ఈ పువ్వుకు ఈ అర్థం" అని పట్టికలు దొరుకుతాయి. వాటిలో సగం ఇంగ్లండ్ పూల భాషను చైనాకు అంటగట్టినవే. చైనాలో ఒక పువ్వుకు అర్థం మూడు దార్లలో వస్తుంది. మీరు ఎంచుకున్న పువ్వు కనీసం రెండు దార్లలో పాత్రకు సరిపోవాలని నా లెక్క.

ఋతువు. వసంతానికి పీచ్, పియోనీ. వేసవికి తామర. శరత్తుకు చామంతి, ఆస్మాంథస్ అనే చిన్న సువాసన పువ్వు. చలికి ప్లమ్ పువ్వు, అంటే మెయ్‌హ్వా. ఇది మొండి నియమం. మంచు కురుస్తుంటే తలలో తాజా తామర పెట్టడం సంక్రాంతి ముగ్గు పక్కన మామిడిపండ్ల బుట్ట గీసినట్టే. పియోనీకి ఒక పేరున్న కథ ఉంది: మహిళా చక్రవర్తి వూ జెత్యెన్ చలికాలంలో తోటలోని పూలన్నిటినీ పూయమని ఆజ్ఞాపిస్తే పియోనీ ఒక్కటే పూయలేదట, కోపంతో దాన్ని ల్వోయాంగ్‌కు తరిమేసిందట. ల్వోయాంగ్ ఈ నాటికీ పియోనీల ఊరే. కాబట్టి మంచులో పియోనీ కనిపిస్తే చదివేవాడికి అది తప్పుగానైనా తోస్తుంది, లేదా పెద్ద సంగతిగానైనా తోస్తుంది. మధ్యస్తంగా ఉండదు.

శబ్దం. ఇదే మనవాళ్లకు తెలియనిది, ఇదే అసలు తాళంచెవి. మన దగ్గర శ్లేష కవిత్వంలో ఉంటుంది. వాళ్ల దగ్గర కుండల మీద, దుప్పట్ల మీద, పెళ్లిబట్టల మీద ఉంటుంది. తామర "ల్యెన్", "ఎడతెగకుండా" అనే మాటా "ల్యెన్". చేప "యూ", "మిగులు" కూడా "యూ". తామరా చేపా పక్కపక్కన కుడితే "ఏటేటా మిగులు" అని దీవెన. పూలకూజా "పింగ్", శాంతి కూడా "పింగ్". నెలనెలా పూసే గులాబీని కూజాలో పెట్టి గీస్తే నాలుగు ఋతువులూ క్షేమం. ఆస్మాంథస్ "గ్వెయ్", గొప్పింటి హోదా కూడా "గ్వెయ్". పరీక్ష పాసైన వాడిని చంద్రుడి మేడలో ఆస్మాంథస్ కొమ్మ విరిచాడంటారు. మరోవైపు, ప్రేమికులకు పేర్ పండు కోసి పంచరు. పేర్ "లీ", ఎడబాటూ "లీ". తెల్లటి పేర్ పూలు రాలుతున్న పెళ్లి సీను గీసే ముందు ఇది గుర్తుంచుకోండి.

కథ. లిన్ బు (967–1028) అనే కవి హాంగ్‌జౌ పడమటి సరస్సులోని దీవిలో పెళ్లి చేసుకోకుండా బతికాడు. ప్లమ్ చెట్టే పెళ్లాం, కొంగలే పిల్లలు అని అతని గురించి చెప్పుకుంటారు. జౌ దున్‌యీ (1017–1073) తామర మీద రాసిన చిన్న వ్యాసంలో పూలకు వరుసగా స్థానాలు ఇచ్చాడు: చామంతి ఏకాంతవాసి, పియోనీ ధనవంతుడు, బురదలోంచి లేచినా మచ్చ అంటని తామర సజ్జనుడు. తామరాకు మీద నీటిబొట్టు అని చిన్నప్పటి నుంచి వింటున్న మనకు ఆ చివరిది పరాయిగా అనిపించదు. బౌద్ధం వెంట ఆ భావం మన వైపు నుంచి అటు నడిచింది కూడా.

పూలతో మనుషుల్ని చదవడం చైనా పాఠకులకు ఎంత అలవాటంటే, 18వ శతాబ్దపు "ఎర్ర మేడ కల" నవలలో ఒక పుట్టినరోజు రాత్రి అమ్మాయిలు పూల పేర్లున్న చీట్లు తీస్తారు. బావ్‌ఛాయ్‌కి పియోనీ వస్తుంది, వితంతువైన లీ వాన్‌కి ప్లమ్ వస్తుంది. పాఠకులు ఆ చీట్లను జాతకాల్లాగే చదువుతారు.

ఇప్పుడు కొట్టు పిల్లకు పువ్వు. శరత్తు కాబట్టి చామంతి ముందు నిలుస్తుంది. తొమ్మిదో నెల తొమ్మిదో రోజు పండుగ. "తొమ్మిది" శబ్దం, "చిరకాలం" శబ్దం ఒకటే, "జ్యో". కైఫెంగ్‌లో ఆ రోజు సారా కొట్ల వాళ్లు చామంతులతో గుమ్మాలు అల్లి నిలబెట్టేవాళ్లని ఆ ఊరి జ్ఞాపకాల్లో రాసి ఉంది. ఇక కథ: కవి థావ్ యువాన్‌మింగ్ (365–427) ఐదు కొలతల బియ్యం జీతం కోసం నడుము వంచనని అధికారి కొలువు వదిలేసి ఇంటికి పోయి, తూర్పు కంచె కింద చామంతులు కోసుకున్నాడు. అప్పటి నుంచి చామంతి అంటే "మీ కొలువు నాకొద్దు". అధికారి ఇంటికి కోడలుగా వెళ్లాల్సిన పిల్ల తలలో ఇంతకన్నా మంచి పువ్వేముంటుంది? పైగా చామంతి వాళ్ల కొట్లో మందు కూడా. ఎండబెట్టి కళ్లకూ జ్వరానికీ ఇస్తారు. నేను వెతికితే దొరికిన అదృష్టం అది.

అయితే నా పాత తప్పు? రంగు పసుపు, సందర్భం పండుగ, బట్టలు రంగురంగులవి. అంత్యక్రియల చామంతి ఈ కాలపు అలవాటు. సోంగ్ కాలంలో పండుగ రోజున తలలో పెట్టుకున్న చామంతిని ఎవరూ అలా చదవరు. తెల్లదాన్ని మాత్రం నేను ఇప్పటికీ ముట్టుకోను.

3. తల మీది మాట వేరు, బట్ట మీది మాట వేరు

ఈ అడుగు పుస్తకాల్లో దొరకదు, నా అనుభవం. తలలో పువ్వు ఆ పూట కోసి పెట్టుకున్నది. అది ఆ మనిషి మాట. బట్ట మీది పువ్వు నెలల తరబడి ఎవరో నేసింది, కుట్టింది, కొన్నది. అది ఇంటివాళ్ల మాట: తల్లి కోరిక, అత్తవారి హోదా, తండ్రి జేబు.

చాలామంది రెండు చోట్లా ఒకే పువ్వు పెడతారు. తలలో తామర, పావడా మీద తామర, చేతిలో విసనకర్ర మీదా తామర. చూడ్డానికి మ్యాచింగ్, చదవడానికి ఏమీ ఉండదు. ఆ రెండు పూలనూ పోట్లాడుకోనివ్వండి.

కొట్టు పిల్ల పావడా మీద దానిమ్మ. దానిమ్మ అంటే నిండుగా గింజలు, అంటే నిండుగా కొడుకులు. పై అంగీ అంచున పియోనీ, "పూలలో రాజు", సిరీ హోదా. తల్లి మురిసిపోతూ కుట్టించింది. తలలో మాత్రం పిల్ల తానే పెరట్లో కోసుకున్న పసుపు చామంతి. ఒక్క డైలాగు రాయకుండా గొడవ మొత్తం బొమ్మలో ఉంది. ఇంకో చిన్న సంగతి: పియోనీ వేరు బెరడు కూడా చైనా వైద్యంలో మందే. అంచున కుట్టిన ఆ పువ్వును అత్తవారు సిరిగా చూస్తారు, ఈ పిల్ల ఏ డబ్బాలో ఏ ధరకు ఉందో చెబుతుంది. ఇది బొమ్మలో కనిపించదు, నాకు తెలిస్తే చాలు.

రెండు పూలూ కలిసిపోయే పాత్ర కూడా ఉండొచ్చు. ఇంట్లోవాళ్లు కోరిందే తానూ కోరుకునే అమ్మాయి. అప్పుడు కలపండి. అదీ ఒక మాటే.

4. జుట్టు: పువ్వు కన్నా ముందు కొప్పే మాట్లాడుతుంది

చైనా తరహా పాత్రకు జడ వేసి దాని పొడుగునా పూలు చుట్టాలని మన చేయి లాగుతుంది. పూలజడ మనది. అక్కడ పువ్వు కూర్చునే చోటు కొప్పు.

వయసు ముందు చూడండి. చిన్నపిల్లలకు తలకు రెండు పక్కలా రెండు ముడులు. పదిహేనేళ్లు వచ్చి పెళ్లి మాట ఖాయమైతే జుట్టు పైకి చుట్టి పిన్ను గుచ్చే వేడుక చేసేవారు. "పిన్ను వయసు వచ్చింది" అంటే ఈడొచ్చిందని. పెళ్లయిన స్త్రీ జుట్టంతా పైకే. కాబట్టి ముప్పై ఏళ్ల పట్టపురాణికి రెండు పిల్లముడులు వేస్తే అందంగా ఉండొచ్చు గానీ నవ్వు కూడా వస్తుంది. మన కొట్టు పిల్లకు సంబంధం కుదిరింది, కాబట్టి ఒకే కొప్పు, నడినెత్తికి కొంచెం వెనగ్గా. చెవుల దగ్గర రెండు పాయలు వదిలాను, అది చరిత్ర కాదు, నా సరదా.

కొప్పు ఎత్తు మీద సరదా పడండి, సిగ్గుపడక్కర్లేదు. జుట్టు చాలకపోతే వాళ్లూ మనలాగే సవరం పెట్టేవారు. ఆ పిచ్చి ఎంత ముదిరిందంటే 1049లో ప్రభుత్వమే ఆజ్ఞ జారీ చేసింది: ఆడవాళ్ల తలకిరీటం ఎత్తు నాలుగు "త్సున్"లు దాటకూడదు, వెడల్పు ఒక అడుగు దాటకూడదు, దువ్వెన నాలుగు త్సున్‌లు మించకూడదు. నాలుగు త్సున్‌లంటే సుమారు పన్నెండు సెంటీమీటర్లు. డబ్బున్న పాత్ర అయితే ఆ గీత దాటించండి. ఆజ్ఞలు ఎవరి కోసం పెడతారో తెలిసిందే కదా.

గుచ్చేవి మూడు రకాలు. ఒంటి పుల్ల "జాన్". రెండు కాళ్లున్నది "ఛాయ్". నడిస్తే ఊగే లోలకులున్నది "బుయావ్", ఆ మాటకు అర్థమే "అడుగు వేస్తే ఊగేది". బుయావ్ పెట్టుకున్న పిల్ల పరిగెత్తకూడదు, లోలకులు మొహాన కొట్టుకుంటాయి. అంటే అది నడక నేర్పే నగ. కొట్టు పిల్ల రోజంతా మందుల సొరుగులు లాగుతూ మూటలు దించుతూ ఉంటుంది. బుయావ్ పెడితే అబద్ధం. కొమ్ముతో చేసిన ఒంటి పుల్ల, దాని పక్కన చామంతి. నీలం రంగు మెరిసే తలనగలు చాలా బొమ్మల్లో చూసి ఉంటారు. అసలువి కింగ్‌ఫిషర్, అంటే లకుముకి పిట్ట ఈకలు అతికించి చేసేవి. పెద్దింటి సొత్తు. ఇప్పటి పనివాళ్లు రంగు వేసిన బాతు ఈకలో, రిబ్బనో వాడతారు. కాస్‌ప్లే వాళ్లు అదే చేయండి.

తాజా పూలు లేని కాలానికి పట్టుపూలు ఉండేవి. నాన్‌జింగ్ పట్టు మొఖమల్ పూలకు పేరు "రోంగ్‌హ్వా". సిరిసంపదలు అనే మాటా అదే శబ్దం. మళ్లీ శ్లేష. చలికాలం సీన్లో తలలో పియోనీ తప్పదనుకుంటే అది మొఖమల్‌ది అని గీతలోనే చూపించండి: రేకుల అంచు కాస్త నూగుగా, రంగు ఎక్కడా వాడకుండా.

మన చేతికి అలవాటైన పూలదండే కొప్పు చుట్టూ కావాలంటే దానికీ చోటుంది. ఫుజ్యెన్‌లో చ్వెన్‌జౌ దగ్గర షున్‌పు అనే సముద్రతీరపు ఊళ్లో ఆడవాళ్లు మొగ్గలను దారానికి గుచ్చి, వలయాలుగా కొప్పు చుట్టూ పొరలు పొరలుగా చుట్టుకుంటారు, నడుమ ఒక పుల్ల. నత్తగుల్లలు ఏరే, చేపలమ్మే ఆడవాళ్లు వీళ్లు. ఈ మధ్య ఆ కొప్పుతో ఫోటోలు దిగడానికి దేశమంతా అక్కడికి ఎగబడుతోంది. ఆ పాత్రకు మాత్రం సోంగ్ రాణి బట్టలు కాదు, పని చేసుకునే రవికా లాగూ ఇవ్వండి.

మల్లె సంగతీ ఇక్కడే. తెల్ల పువ్వంటే చావు అని భయపడి మల్లెను వదిలేయకండి. మల్లెను వాళ్లు "మోలి" అంటారు, ఆ మాట మన "మల్లిక" నుంచే వెళ్లింది, పువ్వు కూడా బయటి నుంచి వచ్చిందే. దక్షిణ సోంగ్ కాలంలో హాంగ్‌జౌ ఆడవాళ్లు వేసవిలో కొత్త మల్లెలు ఎంత ఖరీదైనా కొని గుత్తులుగా తురుముకునేవారు. వేసవి, గుత్తి, రంగు బట్టలు ఉంటే అది మల్లె. కణత దగ్గర ఒంటరిగా పెద్ద తెల్ల పువ్వు, ఒంటి మీద తెల్లబట్ట ఉంటే అది వేరే సంగతి.

5. బట్టలు: ముందు కాలరు, తర్వాత అంచు

కాలరు దగ్గర ఒక్క తప్పు చేస్తే మిగతా పూల శ్రమంతా నీళ్లపాలు. ఎదురు చెక్కలు ఒకదానిపై ఒకటి వచ్చే అంగీలో ఎడమ చెక్క పైకి రావాలి, వేసుకున్న మనిషి కుడి వైపుకి మూసుకోవాలి. ఎదురుగా చూసేవాళ్లకు ఇంగ్లీషు చిన్న వై అక్షరంలా కనిపిస్తుంది. తిరగేస్తే శవానికి తొడిగినట్టు, లేదా పరాయి జాతి వాళ్లు వేసుకున్నట్టు. కన్ఫ్యూషియస్ కూడా, మంత్రి గ్వాన్ జోంగ్ లేకపోతే మనమంతా జుట్టు విరబోసుకుని ఎడమకి మూసే అంగీలు వేసుకునేవాళ్లం అన్నాడు. డిజిటల్‌గా గీసేవాళ్లకు ప్రమాదం ఎక్కడంటే, కేన్వాస్‌ను అద్దంలోలా తిప్పి చూసుకుని, అలాగే సేవ్ చేసేస్తాం. నాకు రెండుసార్లు జరిగింది.

సోంగ్ పిల్లకు లోపల ఒక చిన్న రవిక లాంటిది, కింద పావడా, పైన ముందు తెరిచి ఉండే నిటారు పొడవు అంగీ, "బెయ్‌జ". దీని అందమంతా రెండు అంచుల్లో ఉంది. మెడ నుంచి కిందిదాకా దిగే ఆ సన్నటి పట్టీల మీదే పూలు. మనకు చీర అంచు ఎంతో, వాళ్లకు ఆ పట్టీ అంత. వీటిని విడిగా కొని కుట్టించుకునేవారు కూడా. 1975లో ఫుజౌలో ఒక సమాధి బయటపడింది. 1243లో పదిహేడేళ్లకే చనిపోయిన హువాంగ్ షెంగ్ అనే పెళ్లయిన అమ్మాయిది. ఆమెతో పాటు వందల కొద్దీ బట్టలు పెట్టారు, అంచుల మీద పియోనీలు, చామంతులు, ప్లమ్ పూలు అద్ది, గీసి, కుట్టి ఉన్నాయి. ఆ బట్టల ఫోటోలు చూశాక పెద్ద పెద్ద పూలు ఒంటి నిండా చల్లడం నాకిక చేతకాలేదు. ఒక పట్టీ చాలు.

కాబట్టి కొట్టు పిల్లకు: లేత ఆకుపచ్చ బెయ్‌జ, అంచున రెండు వేళ్ల వెడల్పు పట్టీ, దాని మీద చిన్న పియోనీలు. పావడా దానిమ్మ పువ్వు ఎరుపు. ఈ ఎరుపు పావడాకు తాంగ్ కాలం నుంచే "దానిమ్మ పావడా" అని పేరు. పండ్లు మాత్రం పావడా దిగువన నేతలోనే కలిసిపోయేలా, అదే రంగులో. దగ్గరికొస్తే గానీ కనిపించవు. ఆమె కూడా ఇంకా పూర్తిగా గమనించినట్టు లేదు.

రంగుల గురించి ఇంతకన్నా ఎక్కువ చెప్పను. నిండు ఎరుపు పెళ్లికి దాచుకోండి, నిండు తెలుపు చావుకి, మింగ్, చింగ్ కాలాల్లో నిండు పసుపు చక్రవర్తికి. మిగతావన్నీ మీ ఇష్టం.

6. పువ్వు ఆ పువ్వులాగే ఉండాలి

ఇంత ఆలోచించి చివరికి ప్లమ్ పువ్వు బదులు చెర్రీ గీస్తే పాత్ర నేరుగా జపాన్ చేరుతుంది. చెర్రీ రేకు కొసన చిన్న చీలిక ఉంటుంది, పొడవు కాడకు వేలాడుతుంది. ప్లమ్ రేకు గుండ్రం, చీలిక లేదు, కాడ లేనట్టుగా కొమ్మకే అతుక్కుని ఉంటుంది, ఆకులు ఇంకా రాని బోడి కొమ్మ. పీచ్ రేకు కొస కాస్త మొన తేలుతుంది, పక్కన లేత ఆకులు ఉండొచ్చు.

కలువను తామర అని గీసేవాళ్లు కూడా ఎక్కువే. తెలుగువాళ్లం మనం ఆ తప్పు చేయకూడదు. తామరాకు చీలిక లేని గొడుగు, నీటి పైకి లేస్తుంది, తామరపువ్వు నడుమ గింజల దుద్దు ఉంటుంది. ఆ దుద్దు లేకపోతే సంతానం అనే అర్థమే పోతుంది. పియోనీని గులాబీలా చుట్టకండి, అది విచ్చుకుని నడుమ పసుపు కేసరాలు బయటపెడుతుంది. ఆర్కిడ్ అంటే పూలకొట్టు పెద్ద సీతాకోకచిలుక ఆర్కిడ్ కాదు. కన్ఫ్యూషియస్ కాలం నుంచీ మెచ్చుకున్నది గడ్డిపోచల్లాంటి ఆకుల మధ్య దాక్కునే చిన్న సువాసన పువ్వు, లోయలో ఎవరూ చూడకపోయినా వాసన ఇచ్చేది. దాన్ని తలలో పెద్దగా పెడితే దాని గుణమే పోయింది. నా మాట వింటే ఆర్కిడ్‌ను తల మీద కాదు, చేతి రుమాలు మూలన కుట్టండి.

చామంతిలో ఒక సులువు ఉంది: రేకులను లోపలికి వంగి గుప్పిటలా ఉండేలా గీయండి. మన బంతిపువ్వు గుండ్రంలా కాకుండా కొన్ని రేకులు బయటికి జారనివ్వండి.

7. మగ పాత్రయితే

పువ్వు ఆడవాళ్లకే అనుకుంటే సోంగ్ కాలం మిమ్మల్ని చూసి నవ్వుతుంది. చక్రవర్తి విందుల్లో అధికారులకు పూలు ఇస్తే టోపీలో గుచ్చుకునేవారు, పరీక్ష పాసైన కుర్రాళ్లు తలలో పూలతో ఊరేగేవారు. యాంగ్‌జౌలో నడుమ బంగారు పట్టీ ఉన్న అరుదైన పువ్వులు నాలుగు పూశాయని, హాన్ చీ అనే అధికారి తనతో పాటు మరో ముగ్గురికి పంచి పెట్టాడని, ఆ నలుగురూ తర్వాత ప్రధానమంత్రులయ్యారని ఒక కథ. వాళ్లలో వాంగ్ ఆన్‌షి కూడా ఉన్నాడు. మన కొట్టు పిల్లకు కాబోయేవాడి టోపీలో నేను ఆ పువ్వే పెట్టాను, ఇంకా పరీక్ష పాసవక ముందే. ఎవరు గుచ్చారో అతనికే తెలియాలి.

8. అన్ని పూలూ ఒకేసారి కావాలంటే

ఋతువు నియమం మొండిది అన్నాను. దాన్ని దాటే దారి ఒకటే ఉంది, దాన్ని చివరి బొమ్మకు దాచుకున్నాను.

సోంగ్ ఆడవాళ్లకు "యీన్యెన్ జింగ్" అని ఒక ఫ్యాషన్ ఉండేది, "ఏడాది దృశ్యం" అని అర్థం. పీచ్, ఆప్రికాట్, తామర, చామంతి, ప్లమ్, నాలుగు ఋతువుల పూలూ పట్టుతో చేసి ఒకే తలకట్టులో, ఒకే బట్ట మీద. తైపేలోని రాజప్రాసాద మ్యూజియంలో ఒక సోంగ్ పట్టపురాణి చిత్రంలో పక్కన నిలబడ్డ పరిచారికల తలకట్టు చూడండి, తోట మొత్తం నెత్తిన పెట్టుకున్నట్టుంటుంది. దీన్ని గీయడం కష్టమే: పెద్ద పూలు కింద, చిన్నవి పైన, రెండు రంగులకు మించకుండా ఒక వరుస, మధ్యలో ఖాళీ వదలకుండా ఆకులు. ఒక్కో పువ్వునూ విడి పొరలో గీసుకుంటే సర్దుకోవడం తేలిక.

కవి లు యౌ తన జ్ఞాపకాల్లో దీని గురించి రాశాడు. 1126లో జింగ్‌కాంగ్ అనే కొత్త శకం మొదలైనప్పుడు రాజధానిలో బట్టలూ నగలూ అన్నీ ఈ "ఏడాది దృశ్యమే". ఆ శకం నిజంగానే ఒక ఏడాదే ఉంది, అది దుశ్శకునపు ఫ్యాషన్ అని తర్వాత జనం అన్నారట. ఉత్తరాది జుర్చెన్ జాతి సైన్యం కైఫెంగ్‌ను పట్టుకుంది, 1127లో ఇద్దరు చక్రవర్తులనూ బందీలుగా ఉత్తరానికి తీసుకెళ్లింది.

కొట్టు పిల్ల పెళ్లిని నేను 1126 వేసవిలో పెట్టాను. తలకట్టు నిండా నాలుగు ఋతువుల పట్టుపూలు, అత్తవారు పంపినవి. నుదుటి మీద ప్లమ్ ఆకారపు బొట్టు. ఆ కుప్పలో ఎడమ చెవి వెనక, తల్లి చూడని చోట, ఒక ఎండు చామంతి గుచ్చాను. పోయిన ఏడాదిది, కొట్టు డబ్బాలోంచి తీసింది.